పురుగులకు పోసిన గంజి

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సుల పక్క సీటాయన "దుబాయ్‌ల ఏం పని చేసినవే?" అని అడిగిండంటె నా నాలుక ఆగది. మా దిక్కు సముద్రం దాటినోడు ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. ఒకసారి గట్లనే ఒకాయనకు, మేడిపల్లి వచ్చేదాక, సముద్రానికి ఒక వాల్వు ఉంటదని, దాని తాళంచెవి పదకొండేండ్లు నా మొలతాడుకే వేలాడిందని, పొద్దుగూకంగ నేను తిప్పితెనే అలలు బందయ్యేవని చెప్పిన. ఆయన నమ్మలేదు. కని దిగేటప్పుడు మెట్టు మీద ఆగి, "మరి ఇప్పుడు ఎవలు తిప్పుతున్నరు?" అని అడిగిండు. అబద్ధం గట్ల చెప్పాలె. నమ్మకున్నా సరె, ఇంటికి పోయినంక సుత పరేషాన్ కావాలె.

నిజం చెప్పుడే కష్టం. దానికి రంగు ఉండది, రుచి ఉండది. పైంగ నా నిజానికి వాసన ఒకటి.

సముద్రం ఒడ్డున పెద్ద రిసార్టు. దాని ఎన్క, అతిథుల కండ్లకు ఆనకుండ గోడ కట్టి, గోడ మీద పూల తీగలు పాకించిన్రు. ఆ గోడ అవుతల నా నౌకరి. గదులల్ల స్నానాల నీళ్లు, వంటింట్ల గిన్నెలు కడిగిన నీళ్లు, చెప్పరాని నీళ్లు, అన్ని పైపులల్ల మా కాడికే వస్తయి. మేం వాటిని కడిగి పంపాలె. నీళ్లను కడుగుడేందని నవ్వకుర్రి. పోయిన కొత్తల నేను సుత నవ్విన. నెల తిరిగేసరికి నవ్వుడు బందైంది.

అసలు కడిగేది మేం కాదు, పురుగులు. కంటికి ఆననంత చిన్నయి, కోట్లకు కోట్లు. నడిమి ట్యాంకుల మిషన్ తోటి గాలి కొడుతుంటె గోధుమ రంగు బురద తీరుగ కుతకుత ఉడుకుతుంటయి. మురికి వాటికి తిండి. కడుపునిండ తిన్నంక పక్క ట్యాంకులకు పోయి కింద కూసుంటయి, మీద తేట నీళ్లు మిగులుతయి. గా తేట నీళ్లు తోటలకు పోంగ మిగిలినయి తుంగ మడిలకెళ్లి సన్నగ పారి మడ అడవిలకు పోతయి.

ఆ మడ అడవితోటే మాకు భయం. రిసార్టు ముంగట తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక, ఎన్క మడ చెట్ల కయ్య. నడుమ సన్నటి జాగల రిసార్టు. అక్కడి సర్కారోళ్లు ఆ చెట్లను కన్నబిడ్డలోలె చూస్తరు. ఎప్పుడో ఒకనాడు చెప్పకుండ కారు దిగి, సీసాలల్ల మా నీళ్లు పట్టుకపోతరు. సీసాల తేడా వచ్చిందంటె రిసార్టుకు తాళమే. తాబేళ్లు నా ఈల వింటె ఒడ్డుకు వస్తయని నేను మా ఇంజనీరుకు చెప్పిన ముచ్చట అబద్ధం. ఈ సీసాల ముచ్చట మాత్రం నిజం.

ఆ ట్యాంకుల కాడ నా పై మనిషిని చిచ్చా అని పిలుస్తుంటి, అంటె చిన్నాయన. కోరుట్లాయనే. ఇంటి కాడ ఉన్నన్ని రోజులు ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేటోడు. స్టీలు గిన్నెలు వచ్చినంక కళాయి ఎవలికి కావాలె? ఇరవై రెండేండ్ల కింద వచ్చి ఈ మురికి నీళ్లల్ల పడ్డడు. నాకంటె పదకొండేండ్లే పెద్ద, కని నన్ను 'బేటా' అనే పిలిచేటోడు. నేను కథ మొదలువెడితె చాలు, "ఆగు బేటా, కూసొని వింట, మోకాళ్లు గుంజుతున్నయి" అని పైపు మీద కూసునేటోడు.

ఆ ఏడు ఆయన ఇగ పోత అని రాసిచ్చిండు. సెలవు మీద కాదు, మొత్తానికి. ఇంటి కాడ పెండ్లి లేదు, చావు లేదు. ఇరవై రెండేండ్లల్ల పోయిన ప్రతిసారి ఏదో ఒక పని మీదనే పోయిండు. ఒకపాలి అక్క చావుకు, ఒకపాలి కొడుకు నిఖాకు. దిగిన రోజు నుంచి వాపస్ తారీఖు ఎంటవడుతుండె. ఈసారి ఊకెనే పోతడట.

"పోయి ఏం చేస్తవ్ చిచ్చా?"

"ఏం చెయ్య. వాకిట్ల కుర్చి ఏసుకొని కూసుంట. ఎవలన్న ఎప్పుడచ్చినవ్ అని అడుగుతరు, చెప్త. ఎప్పుడు పోతున్నవ్ అని అడిగితె, పోనని చెప్త. గీ ఒక్క మాట అననీకే పోతున్న."

మా క్యాంపుల నాలుగు వందల మందిమి. ఊకెనే పోవుడు ఎవలికీ చేతకాలేదు. అందుకే ఆయన అట్టపెట్టెకు తాడు కట్టుకుంటుంటె అందరు వచ్చి చూసి పోయిన్రు, పెండ్లిపిల్లను చూసినట్టు.

కంపెనీ కాయిదా ఒకటుండె. పోయెటోడు ట్యాంకులు మంచిగున్నప్పుడే అప్పజెప్పి పోవాలె. నీళ్లు చూసి ఇంజనీరు సంతకం పెడితెనే టికెట్ చేతికి. టికెట్ తారీఖు దాటిందా, కాగితాలన్ని మల్ల మొదటి నుంచి తిరగాలె. ఎన్ని నెలలో ఆ దేవునికే ఎరుక.

అది ఎండకాలం. ఆ ఎండలకు రిసార్టుల మనుషులు ఉండరు. మనుషులు లేకుంటె మురికి ఉండది. మురికి లేకుంటె పురుగులకు తిండి లేదు, ఎండి సస్తయి. అవి సస్తె మల్ల పుట్టిచ్చి పెంచేసరికి పానం పోతది. అందుకే చిచ్చా ఎండకాలమంత వాటికి బెల్లం పెట్టేటోడు. కేరళాయన దుకాండ్ల బెల్లం దొరికేది. ఒక పిడికెడు బెల్లం, బొక్కెన నీళ్లల్ల కరగవెట్టి, పొద్దుగాల పోసుడు. అంతే.

కాగితాల పని మీద, వేలిముద్రలు, డాక్టర్ పరీక్ష అని చిచ్చా నాలుగు రోజులు పట్నం పోయిండు. పోయే ముందు నా ముక్కు ముంగట వేలు ఊపిండు.

"ఒక్కటే పిడికెడు. సమజైందా? ఆకలైతుందని ఏడుస్తయి. ఏడ్వనీ."

"పురుగులు ఏడుస్తయా చిచ్చా?"

"నీ కథలల్ల సముద్రం బందైతది. నా పురుగులు ఏడిస్తె తప్పా?"

ఇగ నా సంగతి చెప్పాలె. నేను పుట్టింది సిరిసిల్లల, కోరుట్లకు పెండ్లి చేసుకొని వచ్చిన. మా బాపు బట్ట నేసే సాంచాలు నడిపేటోడు. నేను మీసాలు రాకముందే సైజింగ్ల పడ్డ. సాంచ మీదికి పోయే పడుగు దారానికి గంజి పట్టించే పని. గంజి పల్చగైతె దారం తెగుతది. తెగితె నేసేటోడు సైజింగ్ సేటును తిడుతడు, సేటు నన్ను తిడుతడు, బాపు ఇంటికొచ్చి అదే తిట్టు మల్ల తిడుతడు. చిక్కగైందని మాత్రం ఎవలు తిట్టంగ నేను వినలేదు. ఎనిమిదేండ్లు గట్ల తిట్లు తిన్న చెయ్యి నాది. పల్చటిది ఏది చూసినా దానికి గుబులే.

చిచ్చా పోయిన రోజు బెల్లం నీళ్లు బొక్కెనల చూసిన. చాయ్ కన్న పల్చగుంది. అన్ని కోట్ల పురుగులకు గీ నీళ్లా అనిపించింది. అప్పజెప్పే రోజు దగ్గరకొచ్చింది, ట్యాంకు మంచి బలంగ ఉంటె చిచ్చాకు పేరస్తది, ఇంజనీరు కండ్లు మూసుకొని సంతకం పెడుతడు. గిదంత ఆలోచన చేసిన. మా క్యాంపు వంటాయన దినాం మధ్యాహ్నం పెద్ద దేగిసలల్ల అన్నం వార్చి, గంజి మోరీల పోస్తుండె. గంజి మోరీల పోసుడు నాకు చూడబుద్ధి కాకపోయేది. మూడు డ్రమ్ములు అడిగిన. తోపుడుబండి మీద పెట్టుకొని తెచ్చి, బెల్లం సుత ఇంకో నాలుగు పిడికిళ్లు కలిపి, వేళ్ల నడుమ రాసి చూసుకున్న. మంచి చిక్కదనం. సిరిసిల్లల అయితె ఏ దారమూ తెగేది కాదు.

రోజుకు మూడు డ్రమ్ములు, మూడు రోజులు.

మొదటి రెండు రోజులు ట్యాంకు పొంగి పొంగి మురిసింది. నేను సుత మురిసిన. మూడోనాడు తేట నీళ్లల్ల మబ్బు కనవడ్డది. నాలుగోనాడు పొద్దుగాల పోయి చూస్తె, కింద కూసోవాల్సిన బురద కూసోలేదు. పురుగులు ఒకదాన్నొకటి పట్టుకొని పొడుగు పొడుగు దారాలు పోసుకున్నయి. సైజింగ్ల నేల మీద దొర్లే దూది తీరుగ తెల్లగ, ఉబ్బుగ మీదికి తేలి, అంచు దాటి, తుంగ మడి దాటి, మడ అడవిలకు పోతుంది.

మధ్యాహ్నం చిచ్చా వచ్చిండు. సంచి కింద పెట్టలేదు. చూసిండు. తిట్టలేదు. పోయి బయటికి పోయే వాల్వు మూసి, నీళ్లను ఖాళీగున్న పెద్ద ట్యాంకుకు మలిపిండు. రిసార్టుల జనం లేరు కాబట్టి కొన్ని రోజులు అది పడుతది. అప్పుడు సంచి కింద పెట్టిండు.

ఇంజనీరు వచ్చిండు. తమిళాయన, మంచోడే, కని కాగితం మనిషి. మా దగ్గర గాజు గొట్టం ఒకటుంటది, గీతలు పెట్టి ఉంటయి. అండ్ల ట్యాంకు బురద నింపి అర్ధగంట కదిలియ్యకుండ పెట్టాలె. బురద మూడోవంతు గీత కిందికి దిగితె ట్యాంకు మంచిగున్నట్టు. అర్ధగంట చూసినం. బురద గొంతు కాడ్నే నిలవడ్డది, తోడుకున్న పెరుగు తీరుగ.

"నేనెట్ల సంతకం పెట్టాలె?" అన్నడు హిందీల. "రేపు సీసాలోళ్లు వస్తె, నువ్వు ఊర్ల ఉంటవు, నేనుంట ఇక్కడ."

"సహీ బాత్ హై సాబ్," అన్నడు చిచ్చా.

"పద్నాలుగు రోజులున్నయి నీ టికెట్‌కు. దిగుతె దిగుతది. లేకుంటె లేదు."

ఆయన పోయినంక చిచ్చా రూముకు పోయి, పెట్టె తాడు విప్పి, అడుగున పెట్టుకున్న పాత లుంగి తీసిండు. నేను తలుపు కాడ నిలవడి చూసిన. ఆ తాడు ముడి విప్పేటప్పుడు ఆయన వేళ్లు మస్తుసేపు తిప్పలవడ్డయి. గట్టిగ కట్టిండు మరి.

సముద్రం నీళ్లు ఎన్కకు గుంజినంక ఇద్దరం మడ అడవిలకు దిగినం. మడ చెట్ల వేర్లు కిందికి పోవు. బురదలకెళ్లి వేళ్ల తీరుగ మీదికి లేసి గాలి పీల్చుకుంటయి. నా తెల్ల దూది వాటికి చుట్టుకొని, అంటుకొని, ఊపిరి ఆడకుండ చేసింది. ఒక్కొక్క వేరు పట్టుకొని, మగ్గుతోటి నీళ్లు పోసి, చేత్తోటి తుడిచి, ఆ తెల్లది బొక్కెనల ఏసుడు. మోకాలు లోతు బురద. మెడ మీద ఎండ. వందల వేర్లు, వేల వేర్లు. కథ చెప్పమని ఆయన అడగలేదు. నాకు సుత ఏ కథా రాలేదు.

ఎంతసేపటికో నేనే అన్న. "చిచ్చా, గంజి పోసిన."

ఆయన వేరు తుడుస్తనే ఉన్నడు. "ఎంత?"

"మూడు డ్రమ్ములు."

"మూడు రోజులల్లనా?"

"దినాం."

చెయ్యి ఆగింది. మల్ల నడిచింది. "ఎందుకు?"

"పల్చగుండె, చిచ్చా."

నా దిక్కు చూసిండు. తిడుతడనుకున్న. తిడితె బాగుండు. "బేటా, ఒట్టి గంజి తాగి మనిషి బతుకుతడా? పొట్ట ఉబ్బుతది, బలం ఉండది. అండ్ల పప్పు పడాలె. గంజి పోసినవ్, పప్పు ఎయ్యలె. గందుకే గిట్ల ఉబ్బినయి."

చదువుకున్నోళ్లు దీనికి ఇంకేదో పేరు చెప్తరు. చిచ్చాకు పప్పు అని తెలుసు, అంతే చాలు.

"పప్పు వండి పోద్దామా?"

"నోరు మూస్కో. ఇగ నువ్వు వంట చెయ్యకు." నడుము పట్టుకొని లేసి, క్యాంపు దిక్కు చూసిండు. "మూడు పూటల పప్పు తినెటోళ్లు ఎవలున్నరు గీడ?"

నాకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత ఇద్దరికి ఒక్కపారే నవ్వొచ్చింది. బురదల నిలవడి, నవ్వే ఓపిక లేక, ఊరికె బుజాలు ఊపినం.

క్యాంపుల నాలుగు వందల మంది పాయిఖానల నీళ్లు రిసార్టు ట్యాంకుకు రావు. వాటికి వేరే గుంత, దాన్ని దినాం ఒక ట్యాంకరు గుంజుకొని ఎడారిల దూరంగ పోయి పోస్తది. మా నీళ్లు రిసార్టు నీళ్లల్ల కలవద్దని కాయిదా. ట్యాంకరు డ్రైవర్ ముల్తాన్ దిక్కాయన. పొద్దుగాల పోయి ఆయన కిటికి పట్టుకున్న.

"ఖాన్ సాబ్, మా పురుగులు నాజూకు పురుగులు. దొరలు తిన్న పండ్ల ముక్కలు తిని తిని మెత్తవడ్డయి. అసలు మొగోళ్ల తిండేందో చూపియ్యమని మొన్న మా పురుగుల సర్దార్ నాకు అర్జీ పెట్టుకున్నడు."

ఖాన్ సాబ్ స్టీరింగ్ మీద తలపెట్టి నవ్విండు. ఎడారిల అంత దూరం పోయే పని తప్పుతదంటె ఆయనకేం నొప్పి? "అర్జీ మంజూర్," అన్నడు. "కని దొరికితె నేను నిన్ను చూడలే, నువ్వు నన్ను చూడలే."

ఇంజనీరు పొద్దుగాల ఆఫీసు మీటింగుల ఉన్నప్పుడు ట్యాంకరు ఎన్క గేటు నుంచి రావాలె, పైపు విప్పాలె, సగం మాకు పోసి మిగిలింది తీసుకపోవాలె. చిచ్చా వాల్వు కాడ నిలవడి "బస్, బస్" అని ఆపేటోడు. ఈసారి కొలత ఆయనదే, నన్ను తాకనియ్యలేదు. నా పని చెత్తను ఆపే ఇనుప జాలి కాడ. క్యాంపు నీళ్లల్ల ఏముండదో అడుగుర్రి. బట్టపేలికలు, గుట్కా పాకిట్లు, ఒకనాడు ఒక చెప్పు. అవన్ని రేకుతోటి గుంజి ఎత్తి పోసుడు. తర్వాత మడ అడవిల వేర్లు కడుగుడు. తర్వాత మల్ల ట్యాంకుల కాడికి. ఆ వాసన సబ్బుకు పోలేదు. క్యాంపుల నా పక్క మంచమాయన మంచం గుంజుకొని అవుతలికి పోయిండు. "మీవే గదనే అవి" అన్న. ఆయనకు సమజ్ కాలేదు. చెప్పే ఓపిక నాకు లేదు.

దినాం సాయంత్రం గొట్టంల బురద నింపి అర్ధగంట కూసునేటోళ్లం. మొదటి నాలుగు రోజులు ఉలుకు లేదు పలుకు లేదు. ఐదోనాడు వేలెడు దిగింది. ఆరోనాడు అంతే. ఏడోనాడు మల్ల మీదికి వచ్చింది. ఆ రోజు చిచ్చా లేసి పోయి, పెట్టెలకెళ్లి ఇంకో అంగి తీసుకొని ఏసుకున్నడు. సగం సామాన్ బయటికే వచ్చింది. నేను చూడనట్టు మొఖం తిప్పుకున్న.

ఎనిమిదోనాటి నుంచి దిగుడు మొదలైంది. పన్నెండోనాడు గీత దాటింది. చిచ్చా నమ్మలేదు. కడిగి, మల్ల నింపి, మల్ల అర్ధగంట చూసిండు.

టికెట్‌కు ఒక్కరోజు ముందు ఇంజనీరు వచ్చిండు. గొట్టం స్టూలు మీద పెట్టి ముగ్గురం కూసున్నం. అర్ధగంట ఎంత పొడుగుంటదో నాకు అప్పుడు తెలిసింది. సప్పుడు లేకుండ కూసోలేక, "సాబ్, ఒకసారి మా సిరిసిల్లల..." అని షురూ చేసిన.

"చుప్ బేటా," అన్నడు చిచ్చా, గొట్టం మీదికెళ్లి చూపు తిప్పకుండ. "దిగుతున్నయి."

దిగినయి. గీత కిందికి, నిదానంగ, అంచులు కలుపుకుంట. మీద నీళ్లు అవుతలి గోడ కనవడేటంత తేటగ మిగిలినయి.

ఇంజనీరు వంగి చూసిండు, వాసన చూసిండు. "ఏం మార్చిన్రు?" అన్నడు. మేం ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. ఆయన ఇంకోసారి అడగలేదు. ఎన్క గేటు కాడ టైరు గుర్తులు ఆయనకు కనవడలేదంటె నేను నమ్మ.

కాగితం తీసి చిచ్చా పేరు ముంగట సంతకం పెట్టిండు. తర్వాత కాగితం నా దిక్కు తిప్పిండు.

"తీసుకునేటోడు సుత పెట్టాలె. నువ్వు పెడితెనే ఆయన పోతడు." పెన్ను నా ముంగట పెట్టి, "పెట్టినంక, నీ జాగల ఇంకొకడు పని నేర్చుకునేదాక నువ్వు కదలరాదు. నీ సెలవు నేను ఆపాల్సొస్తది."

దసరకు నా సెలవు ఉండె. రెండేండ్లకు ఒకసారి ఇచ్చేది.

చిచ్చా నా దిక్కు చూడలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని గొట్టాన్నే చూసుకుంట కూసున్నడు. ఆయన గోర్లల్ల మడ బురద నల్లగ ఉంది. ఒక్కమాట అడిగితె నేను ఏదన్న కథ చెప్పి తప్పించుకుందును కావచ్చు. అడగలేదు. నేను పెన్ను తీసుకొని పెట్టిన.

తెల్లారి పది గంటలకు కంపెనీ బండి వచ్చింది. పెట్టెకు ఈసారి తాడు నేనే కట్టిన. చిచ్చా అందరికి సలాం చేసుకుంట వచ్చి, నా కాడ ఆగి, బుజం మీద చెయ్యేసి ఒకపారి గట్టిగ ఒత్తిండు. "కోరుట్లకు వస్తె ఇంటికి రా," అన్నడు. "ఎప్పుడు వస్తవో అడగ." బండి ఎక్కి ముంగట కూసున్నడు. ఎన్కకు చూడలేదు. చూస్తె ట్యాంకుల కాడ ఏదో ఒకటి తప్పు కనవడి దిగుతడని భయం కావచ్చు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసిన. ఇంటామె బీడీలు చుట్టుకుంట మాట్లాడింది. ఆకు కత్తిరించే సప్పుడు ఫోన్ల వినవడుతుంది. దసరకు వస్తలేనన్న. కత్తెర ఆగింది.

"మంచిది," అన్నది. "గా ముచ్చట బిడ్డకు నువ్వే చెప్పు. నేను చెప్ప."

బిడ్డ ఫోన్ తీసుకున్నది. "ఎందుకు వస్తలేవు బాపు?"

సముద్రం మీద తుఫాను లేపుదామనుకున్న. తాబేళ్లు దారికి అడ్డం పడుకున్నయని చెప్దామనుకున్న. ఏదీ నోట్లెకు రాలేదు. పదమూడు రోజులు వంగి వంగి నడుము పని చేస్తలేదు.

"గీడ ఒకాయన ఇంటికి పోయిండు బిడ్డా. ఆయన జాగల నేనున్న."

"మరి ఎప్పుడు వస్తవ్?"

"నా జాగలకు ఇంకొకాయన వచ్చినంక."

"ఆయనెవలు?"

"ఇంకా తెల్వది బిడ్డా," అన్న.